మాలాంటి పాప

ఫిబ్రవరి 3

అక్కకు,

బాగున్నావా అని అడగను. బాగానే ఉండి ఉంటావు. ఇక్కడ మేం బాగాలేం, కారణం నువ్వు.

ఇదంతా ఫోన్లో ముక్కలు ముక్కలుగా పంపొచ్చు. కానీ అలా పంపితే మధ్యలో నువ్వు అడ్డం పడతావు, ఒక ఏడుపు బొమ్మ పెడతావు, నా కోపం సగంలో చల్లారిపోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను. చివరిదాకా చదువు.

నిన్న శిశుగృహం నుంచి పిలుపొచ్చింది. ఆయన ప్రెస్సులో మెషిన్ ఆపేసి వచ్చారు. నేను పళ్ళ ల్యాబులో సగం చెక్కిన మైనపు పన్ను బల్ల మీదే వదిలేసి పరిగెత్తాను. ఇంటర్వ్యూ రోజు జ్వరమని ఎగ్గొట్టిన సైగల దుబాసీ ఈసారి వచ్చాడు. పొడుగాటి గది, రెండు వరసల ఉయ్యాలలు. ఆఫీసరమ్మ ఒక ఉయ్యాల దగ్గర ఆగింది. వంగి, పాప చెవి పక్కన చప్పట్లు కొట్టింది. పాప ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి విసిరింది. ఆఫీసరమ్మ గారడీ చేసి చూపించినదానిలా మా వైపు తిరిగి నవ్వింది. దుబాసీ ఆవిడ మాటలు మాకు చేతులతో చెప్పాడు: "మీరు కోరినట్టే, చెవులు చక్కగా పనిచేసే పాప."

మేం కోరినట్టే! ఎవరు కోరారక్కా?

మేమిద్దరం తెల్లమొహాలు వేసుకుని నిలబడి ఉండగానే వెనక ఏదో పడింది. నాకెలా తెలిసిందంటే ఆఫీసరమ్మ భుజాలు ఎగిరాయి, దుబాసీ తల చటుక్కున వెనక్కి తిరిగింది, ఉయ్యాలల్లో పిల్లలంతా ఒక్కసారే నోళ్ళు తెరిచారు. చూస్తే ఆయా చేతిలోంచి జారిన స్టీలు ట్రే. ఆ గదిలో ఉలిక్కిపడనివాళ్ళం ముగ్గురమే. నేను, ఆయన, కిటికీ పక్క ఉయ్యాల్లో ఒక పాప. తన మానాన తాను వెలుతురు వైపు చూస్తూ పడుకుంది.

ఆయాని అడిగించాను. రెండుసార్లు పరీక్ష చేశారట, వినబడదట. బిడ్డ కావాలని వచ్చినవాళ్ళంతా ఆ ఉయ్యాల దగ్గరికి రాగానే అడుగు తొందరగా వేస్తారట. దానికింకా నాలుగు నెలలు నిండలేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ రోజుకి రా. ఆఫీసరమ్మ "ఎలాంటి బిడ్డ కావాలి" అని నన్ను అడిగి నీ మొహం చూసింది. రాసిస్తానంటే చదివే తీరిక లేదంది, మీ అక్కగారు చెబుతారుగా అంది. నేను సైగ చేశాను: మాలాంటి పాప. నువ్వు ఆవిడ వైపు తిరిగి చెప్పావు. నీ పెదాలు నాకు కనబడలేదు.

ఏం చెప్పావు? ఆ ఒక్కటి రాయి. బావ ఎలా ఉన్నారు, మీ ఇంటి గోడకు చెమ్మ తగ్గిందా లాంటివి తర్వాత రాద్దువు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 8

మొండిఘటానికి,

అక్క దీవెనలు. కోపంగానే దీవిస్తున్నాను, తీసుకో.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మైకు ముందు కూర్చున్నాను. మూడో నంబరు ప్లాట్‌ఫారం బస్సును ఆరో నంబరులో ఉందని చదివాను. జనం పెట్టెలతో అటూ ఇటూ పరుగులు. కంట్రోలర్ అద్దాల గదిలోకి వచ్చి మరీ తిట్టాడు. నేను ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో మొదటి తప్పు. ఆ పుణ్యం నీది.

ఏం చెప్పానా? నువ్వు చెప్పిందే చెప్పాను. నీ గుండె మీద వేలు పెట్టి చేతిని గుండ్రంగా తిప్పావు. మనలాంటి పాప అన్నావనుకున్నాను. మనం అంటే ఎవరు? చిన్నప్పటి నుంచీ మనం అంటే నువ్వూ నేనూ. చిటికెన వేళ్ళు మెలేసి చూపించుకునేవాళ్ళం, గుర్తుందా? ఒకరికి వినబడుతుంది, ఒకరికి వినబడదు. కాబట్టి ఎలాంటి పాపైనా సరేనంటోందని అర్థం చేసుకున్నాను. అదే చెప్పాను. ఇప్పుడు నువ్వు మీ బధిరుల సంఘంలో నేర్చుకున్న కొత్త సైగలు చేస్తావు. చేతులకు మా వేరు, మన వేరు ఉంటాయా? నేనేమన్నా అంతర్యామినా?

ఆరోజు రెండు బస్సులు మారి వచ్చాను. మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు. ఆఫీసరమ్మ ఇల్లంతా తిరిగి బీరువా తలుపులు కూడా తీసి చూస్తుంటే వెనకాలే తిరిగి నీ తరఫున మాట్లాడాను. దానికి థాంక్స్ లేదు, పైగా నేరం మోపడం. ఇంటర్వ్యూకి ముందే అన్నీ కాగితం మీద రాసుకోమని నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. విన్నావా?

సరే, అయిందేదో అయింది. చక్కటి ఆడపిల్ల దొరికింది. పక్కింటావిడ కూడా విని సంతోషించింది, పాప రంగెలా ఉందని అడిగింది. కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకోండి. గోరంత దాన్ని కొండంత చేయకు.

బావ బాగున్నారు. గోడ చెమ్మ అలాగే ఉంది.

అక్క


ఫిబ్రవరి 12

అక్కకు,

నా చెవిలో ఇల్లు కట్టావా? పునాది కూడా పడదు, స్థలం అలాంటిది. ఇంకెక్కడన్నా కట్టుకో.

ఎలాంటి పాపైనా సరే అని చెప్పావు కదా. మరి ఆఫీసరమ్మ "మీరు కోరినట్టే చెవులు పనిచేసే పాప" అని ఎందుకంది? ఎలాంటిదైనా సరే అన్నవాళ్ళతో అనే మాటేనా అది? నీ మాటలో ఎక్కడో తోక ఉంది. ఆ తోక కూడా రాసి పంపు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. విననివాళ్ళు ఇంకెంత లోకువో! కంట్రోలర్ నీ చేతికి చీటీ ఇస్తాడు. ఫలానా బస్సు రద్దు అని రాసి ఉంటుంది. పాపం ప్రయాణికులు బాధపడతారని "వస్తోంది, కూర్చోండి" అని మైకులో చెబుతావా? చెప్పవు. వాళ్ళెవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు, వాళ్ళకు ఉన్నదున్నట్టు చదువుతావు. సొంత చెల్లెలి మాటకు మాత్రం ఉప్పూకారం సరిచూసి వడ్డిస్తావు.

ఇది మొదటిసారి అనుకోకు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి నచ్చాడా అని అడిగితే నేను ఆలోచించుకోవాలి అన్నాను. నువ్వు నచ్చాడట అన్నావు. ఆయన మంచివారు కాబట్టి బతికిపోయావు. అదే ఏ తాగుబోతో అయ్యుంటే ఏం చేసేదానివి?

మాలాంటి పాప ఎందుకని అందరూ అడుగుతున్నారు, నువ్వూ మనసులో అడుగుతూనే ఉంటావు. విను. కాదు, చదువు. ఇంట్లో అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఒక్కసారిగా నవ్వేవాళ్ళు. నేను నీ మోచెయ్యి లాగి ఏమైందని అడిగేదాన్ని. నువ్వు నవ్వు ఆపుకుంటూ చెయ్యి ఊపేదానివి, ఏం లేదులే అని. నా బాల్యం మొత్తం ఏం లేదులే. మా ఇంటికొస్తే ఆ పాపకు ఎవరూ ఆ మాట అనరు. నవ్వితే ముగ్గురం నవ్వుతాం.

మా ల్యాబుకి పన్ను కట్టించుకోవడానికి చీటీలు వస్తాయి, ప్రతి చీటీలోనూ తెల్లగా, ఇంకా తెల్లగా అని. మా పెద్దాయన వాటిని పక్కన పడేసి, పక్క పన్ను రంగేమిటో చూడమంటాడు. తెల్లదాన్ని తెచ్చి మధ్యలో కూర్చోబెడితే నోరంతా పరాయిదైపోతుంది. నేను అడిగింది అంతే.

ఇప్పుడు అసలు సంగతి. కిటికీ పక్క పాపను అడిగేసరికి, మేం మాట మార్చామని ఆఫీసరమ్మ అనుకుంటోంది. నెలాఖరున కమిటీ కూర్చుంటుంది. మాట నిలకడ లేనివాళ్ళని రాస్తే మమ్మల్ని వరస చివరికి తోసేస్తారు, కిటికీ పక్క పాపను దూరంగా ఇంకో ఊరి ఆశ్రమానికి పంపేస్తారు. ఆరోజు చెప్పిన నోరు నీది. నువ్వే వచ్చి, నేనన్నది అది కాదని చెప్పాలి. వస్తావా?

చెల్లెలు


ఫిబ్రవరి 17

మొండిదానికి,

రాను.

తోక కావాలన్నావు, తీసుకో. "ఎవరైనా సరేనంటోంది, వినబడే పాపైతే మరీ మంచిది" అన్నాను. అవును, ఆ చివరి ముక్క నాదే. నీ మంచికే అన్నాను. మళ్ళీ అడిగినా అంటాను.

నువ్వు నీ భోజనాల బల్ల గుర్తు చేశావు కాబట్టి నేను నీ సైకిల్ దెబ్బ గుర్తు చేస్తాను. వెనక నుంచి లారీ వస్తోంది. నేను గొంతు చించుకుని అరిచాను. నువ్వు ఎంచక్కా పాట పాడుకుంటున్నదానిలా ముందుకే తొక్కుకుంటూ పోయావు. ఆ డ్రైవరు పక్కకు కోసి గుంటలో దిగబట్టి బతికావు. నీ మోకాలి మచ్చ చిన్నది. నా అరుపు ఇప్పటికీ నా గొంతులోనే ఉంది. ఇప్పుడు అలాంటి పిల్లని నువ్వే కోరి తెచ్చుకుంటావా? దాని వెనక అరవడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు? అరిచినా ఎవరు వింటారు?

జనం నల్లపిల్ల వద్దంటే, మగపిల్లాడే కావాలంటే నీకు ఒళ్ళు మండేది. శిశుగృహానికొచ్చి కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకుంటారని ఉత్తరాలు ఉత్తరాలుగా తిట్టావు. మరి నువ్వు చేస్తున్నదేమిటి? చప్పుడుకి ఉలిక్కిపడిందని ఒక పసిదాన్ని వద్దనుకుని వచ్చేశావు. అది చేసిన పాపం చెవులుండటమా? వాళ్ళు చెవిటిదాన్ని దాటిపోయారు, నువ్వు చెవులున్నదాన్ని దాటిపోయావు. తేడా ఏమిటో నువ్వే చెప్పు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషివి నువ్వు. నాలుగోది చూపించినా కళ్ళు మూసుకుంటావు. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, దాని చెవులు నువ్వేనే అంది. ఆ మాట నిలబెట్టుకున్నందుకు నాకు దక్కింది ఇది.

అక్క


ఫిబ్రవరి 20

అక్కకు,

మేం ఆ పాపను వద్దనలేదు. వద్దన్నామని నీకెవరు చెప్పారు? నువ్వే ఊహించి, నువ్వే తీర్పు చెప్పేశావు. ఆ పాప కోసం మా వెనక జంటలు బారులు తీరి ఉన్నారు. మేం పక్కకు తప్పుకుంటే రేపే ఎవరో ఒకరు గుండెలకు హత్తుకుని తీసుకెళతారు. కిటికీ పక్కదాని వెనక ఎవరున్నారు? మేమే. దాటిపోవడానికీ, దగ్గర ఆగడానికీ తేడా అడిగావు కదా. ఇదే.

లారీ సంగతి. నాకు వినబడదని తెలిసీ నువ్వు అరిచావు. రాయి విసరాల్సింది. మా ఇంట్లో అరిచేవాళ్ళు ఉండరు, చూసేవాళ్ళు ఉంటారు. పాప ఏడిస్తే దీపం వెలిగే యంత్రం కొన్నాం. మా సంఘంలో ఎంతమంది పిల్లల్ని పెంచలేదు? ఒక్కరోజైనా వచ్చి చూశావా?

అమ్మ నిన్ను నా చెవులుగా ఉండమంది. నా నోరుగా ఉండమనలేదు.

నీ సాయం నాకొద్దు. ఇక నాకు ఉత్తరం రాయకు.

చెల్లెలు


ఫిబ్రవరి 26

చెల్లికి,

రాయొద్దన్నావు. పెడచెవిన పెడుతున్నాను. ఆ అవకాశం నాకే ఉంది కదా, నీకు లేదు.

నువ్వు రాయొద్దన్న ఉత్తరం పట్టుకుని కూర్చుంటే బావ చూసి, "ఆరోజు నిజంగా నీకు అర్థం కాలేదా?" అని అడిగారు. నోటికొచ్చినట్టు తిట్టి పంపేశాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదనిపించింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

నాకు అర్థమైంది. నువ్వు సోఫాలో మధ్యన కూర్చున్నావు, ఒక పక్క మరిది, ఒక పక్క నేను. నీ చెయ్యి నీ గుండె దగ్గర మొదలైంది. మరిది వైపు వెళ్ళింది. అక్కడ తిరిగి మళ్ళీ నీ గుండె దగ్గరికే వచ్చి ఆగింది. నా వైపు రాలేదు. చేతులకు మా వేరు, మన వేరు ఉండవని నీకు రాశాను చూడు, అది పచ్చి అబద్ధం. ఉంటాయి. నా కళ్ళారా చూశాను.

బడిలో పిల్లలంతా ఆడుకుంటుంటే నేను నీ పక్కన కూర్చుని టీచరు మాటలు చేతులతో చెప్పాను. డాక్టరు దగ్గర, బ్యాంకులో, నీ పెళ్ళిలో నేనే. అలాంటి నన్ను పక్కనే పెట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నావు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఆ మాట అనేశాను. నీ మంచికి కాదు. వినబడే పాప వస్తే, అది పెద్దదయ్యాక మీ ఇంటికొచ్చినప్పుడు నాతో మాట్లాడే మనిషి ఒకరుంటారనుకున్నాను. మీ ఇంట్లో మీవాళ్ళంతా చేరి చకచకా చేతులు తిప్పుతూ నవ్వుతుంటే నేను ఓ మూల టీ కప్పు పట్టుకుని కూర్చుంటాను. ఏమైందని మరిదిని అడిగితే, ఏం లేదులే వదినా అన్నట్టు చెయ్యి ఊపుతాడు. ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మొన్న సెలవు పెట్టి మీ ఊరొచ్చాను. మీ ఇంటికి రాలేదు, నేరుగా ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పెన్ను బల్ల మీద కొడుతూ, "ఇంతకీ ఆరోజు మీ చెల్లెలు అన్నదేమిటండీ?" అంది. "మాలాంటి పాప కావాలంది" అన్నాను. "అంటే మీలాంటి?" అంది నన్ను చూస్తూ.

"కాదండీ. నాలాంటి కాదు. వాళ్ళలాంటి."

ఆ ముక్క నా నోటితోనే చెప్పించావు. మైకు గొంతు కదా, గదంతా మోగింది. పక్క గదిలోంచి గుమాస్తా తొంగి చూశాడు. వినబడే పాపైతే మంచిదన్న ముక్క నా సొంతమని కూడా చెప్పాను. ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసి, "మీరు మైకులో బస్సులు చెబుతారన్నారు కదూ" అంది. సిగ్గుతో చచ్చాను.

నా పని అయిపోయింది. ఇక నీకు దుబాసీ కావాలంటే ఆ జ్వరాలబ్బాయి ఉన్నాడు.

అక్క


మార్చి 19

అక్కకు,

పాప వచ్చింది. కిటికీ పక్కదే.

కమిటీలో ఒక పెద్దమనిషి, "అమ్మా, ఎవరూ తీసుకోనిదాన్ని తీసుకుంటున్నారు, మీది గొప్ప మనసు" అన్నాడు. దుబాసీ అది చెప్పగానే నాకు మండింది. త్యాగం కాదు, అడిగి తీసుకుంటున్నాం అన్నాను. దుబాసీ తటపటాయించాడు. అక్షరం పొల్లుపోకుండా చెప్పు అన్నాను. చెప్పాడు. చప్పట్ల పాపను మా వెనక ఉన్న జంట తీసుకెళ్ళారట. వాళ్ళావిడ మెట్లు దిగుతూనే దానికి పాట పాడటం మొదలుపెట్టిందని ఆయా చెప్పింది. దాని ఇల్లు అదే.

వచ్చినవాళ్ళందరూ పాపను చూసి, అయ్యో పాపం అని మొహాలు పెడుతున్నారు. పెదాలు చదవడం రాకపోయినా బాగుండేది. దీపం రోజుకెన్నిసార్లు వెలుగుతుందో లెక్కే లేదు. ఆయన ప్రెస్సులో నిద్రపోతున్నారట, సూపర్‌వైజరు ఫిర్యాదు. పాప మాత్రం మా చేతులు కదిలితే చాలు, అటే చూస్తుంది.

నిన్ను క్షమించానని అనుకోకు. ఇంకా లేదు. ఆ మాట అన్నందుకు కోపం ఉంది, మనలాంటి అనుకున్నానని ఉత్తరంలో బొంకినందుకు ఇంకా ఎక్కువ ఉంది. ఇంటికొచ్చినప్పుడు మేం నవ్వుతుంటే నువ్వు టీ కప్పు పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. చూసీ నాకేం పట్టనట్టు ఊరుకున్నాను. చిన్నప్పటి బాకీ తీరుతోందనుకున్నాను. అది కూడా రాసేస్తున్నాను, మనిద్దరిలో నిజం చెప్పేది నువ్వొక్కదానివే అని విర్రవీగకుండా.

నా చెయ్యి నీ వైపు రాలేదన్నావు. రాలేదు. ఆరోజు నేనన్నది నిజమే, దాన్ని ఇప్పుడు దిద్దను. నీకొచ్చిన సైగలు చిన్నప్పటివి, అందులో సగం నువ్వు కనిపెట్టినవి. వాటితో పాపకు అన్నం తిన్నావా అని కూడా అడగలేవు. మీ బస్టాండు వెనకే ఆదివారాలు సైగలు నేర్పుతారట, కనుక్కున్నాను. వెళ్ళు. పాప పెద్దయ్యాక ఏమైందని నీ మోచెయ్యి లాగితే, ఏం లేదులే అన్నావో, చూడు మరి.

వచ్చే నెల ఆఫీసరమ్మ మళ్ళీ ఇల్లు చూడటానికి వస్తుంది. ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతుందట. సెలవు పెట్టి రా. గొంతు అక్కడే మైకు దగ్గర పెట్టేసి రా. సోఫాలో నా పక్కనే కూర్చో. ఆవిడ అడిగినప్పుడు నేను గుండె మీద వేలు పెట్టి చెయ్యి తిప్పుతాను. ఎక్కడిదాకా తిరుగుతుందో నీ కళ్ళతో నువ్వే చూసుకో.

నీ చెల్లెలు